పది టన్నుల పామాయిల్

కౌలాలంపూర్,
సోమవారం, ఆఫీసు నుంచి

అమ్మకు సలాం.

నీ ఒంట్లో ఎలా ఉందని అడగను. భేషుగ్గా ఉంది. ఇవాళ మా మీటింగు గదిలో, అంతమంది పెద్దమనుషుల మధ్య, నీ గొంతు ఖణేల్మని మోగింది. నేనే విన్నాను.

ముందు ఒక్కటి చెప్పు. ఫోను ఎందుకు కట్టేశావు? పొద్దున్నుంచి చేస్తూనే ఉన్నాను. చివరికి నాబ్ పిన్నికి చేస్తే, "మీ అమ్మ ఫోనులో ఇంక ఎవరితోనూ మాట్లాడదట. మాట్లాడిందల్లా రికార్డు చేస్తారట. ఏదన్నా ఉంటే కాగితం మీద రాయమంది," అంది. పైగా వెనక నుంచి నువ్వు అందిస్తుండడం నాకు వినబడుతూనే ఉంది! సరే తల్లీ, కాగితం మీదే రాస్తున్నాను. కోట బారు బస్సు డ్రైవరు మన మాట్ బాబాయి చేతికిచ్చి పంపిస్తాను. అందగానే చదువు, చేపలు ఎండబెట్టుకున్నాక కాదు.

నీకు డబ్బు కావాల్సి వస్తే నన్నడగొచ్చు కదా? పోయిన వానల్లో అప్పడాల షెడ్డు కొట్టుకుపోయిందని నాకు తెలుసు. డబ్బు పంపిస్తానని ఎన్నిసార్లు అన్నాను? "ఇప్పుడెందుకులే" అన్నావు. తీరా చూస్తే బచోక్ నుంచి బస్సెక్కి కోట బారు వెళ్లి, ఊళ్లో ఇన్ని బ్యాంకులుండగా మా బ్యాంకు శాఖలోనే దరఖాస్తు పెట్టావు. అదీ నాకు చెప్పకుండా. మన ఆడవాళ్ల పేర్లలో ఇంటిపేరు ఉండదు కాబట్టి ఇక్కడెవరికీ అనుమానం రాలేదు. సెలామా అంటే ఎవరో మన కెలాంతన్ వైపు ముసలావిడ అనుకున్నారు. నీ గొంతు వినేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

ఏం జరిగిందో చెబుతాను. నెలకోసారి మేం కొన్ని ఫోను రికార్డులు విని, బేరం షరియత్ ప్రకారం సరిగ్గా జరిగిందా లేదా చూడాలి. నా ఉద్యోగమే అది. ఇవాళ ఐదో ఆరో విన్నాం, అన్నీ మామూలే. తర్వాతది నీది. ఫోను చేసిన పిల్ల పేరు ఇంతన్, కొత్తగా చేరింది.

"అమ్మగారూ, మీరడిగిన నలభై వేల రింగిట్ల కోసం పది టన్నుల పామాయిల్ కొన్నాం. దాన్ని లాభం వేసుకుని వాయిదాల మీద మీకు అమ్మాం. ఇప్పుడది మీ సొంతం. మీ తరఫున మమ్మల్ని నగదుకి అమ్మిపెట్టమంటారా?"

"ఎందుకమ్మా అమ్మడం?"

"అంటే... అమ్మి ఆ డబ్బు మీ ఖాతాలో వేస్తామండీ."

"నాదేనంటివిగా?"

"మీదేనండీ."

"నాదైతే నేనే అమ్ముకుంటా. మీరు అమ్మొద్దు. ఇంటికి పంపించెయ్."

"ఎక్కడికండీ?"

"మా ఇంటికే. చేపల మార్కెట్ వెనక సందు, నీలం తలుపు. సెలామా అంటే ఎవరైనా చెబుతారు. డబ్బాలు జాగ్రత్తగా దింపమను, గుమ్మం ముందు పిల్లి పిల్లలున్నాయి."

గదిలో అందరూ పడీ పడీ నవ్వారు. పక్కన నీళ్లు తాగుతున్న ఫైరూజ్‌కి పొలమారింది. అప్పులిచ్చే విభాగానికంతా పెద్ద అతనే, నాకన్నా చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. "అక్కా, ఈ ముసలావిడకి దణ్ణం పెట్టాలి," అన్నాడు. బయటికొచ్చాక వరండాలో చెప్పాను, ఆవిడ మా అమ్మ అని. అతని నవ్వు ఆగిపోయింది.

అమ్మా, ఈ ప్రశ్నకి ఇన్నేళ్లలో ఒక్కరు కూడా వద్దనలేదు. వడ్డీ తీసుకోకూడదు కాబట్టి మేం డబ్బు అప్పివ్వం, సరుకు కొని అమ్ముతాం. ఆ సరుకు కొన్నవాళ్లు మళ్లీ ఎవరికో అమ్ముకుని డబ్బు చేసుకుంటారు. వాళ్లెక్కడ తిరిగి అమ్ముకుంటారులే అని, మమ్మల్నే అమ్మిపెట్టమంటారా అని అడుగుతాం. అందరూ "ఊఁ" అంటారు. వంట చేసుకుంటూ, బండి నడుపుకుంటూ "ఊఁ" అంటారు. నువ్వు ఒక్కదానివి "ఇంటికి పంపించెయ్" అన్నావు!

అక్కడితో అయిపోతే నేనూ నవ్వుకునేదాన్ని. కానీ ఆ ఇంతన్ కంప్యూటర్‌లో "సరే" అని నొక్కేసింది. ఎందుకు నొక్కావని అడిగితే ఏడుపు మొహం పెట్టి, "మేడమ్, అక్కడ ఉన్నదే ఆ ఒక్క బటన్. అది నొక్కకపోతే పక్క పేజీ రాదు. లైన్లో ఇంకా జనం ఉన్నారు," అంది. వెళ్లి చూశాను. నిజమే. "వద్దు" అనే బటన్ లేనే లేదు. ఎవరికీ అక్కర్లేదనుకుని పెట్టలేదట. అంటే నీ నూనె, నువ్వు వద్దు మొర్రో అన్నా, నీ అనుమతి లేకుండా అమ్మేశారు. ఆ డబ్బే నీ ఖాతాలో పడింది.

సొంతదారు వద్దన్నాక అమ్మితే అది అమ్మకం కాదు. కేంద్ర బ్యాంకు రూలు చాలా కచ్చితం. ఇలాంటిది జరిగిందని తేలితే దాచకూడదు, వెంటనే చెప్పుకోవాలి, దాని మీద లాభం తినకూడదు. పైగా వచ్చే నెల మా బ్యాంకు సుకూక్ అమ్మబోతోంది. ఇలాంటి వేలాది అమ్మకాలన్నీ ఒక మూటకట్టి, వాటి లాభంలో వాటాని పత్రాలుగా జనానికి అమ్మడమన్నమాట. పింఛను నిధుల వాళ్లు, హజ్‌కి దాచుకున్న వాళ్ల సొమ్ము చూసే వాళ్లు కొనడానికి కాచుకుని కూర్చున్నారు. ఆ మూటలో నీ పది టన్నులూ ఉన్నాయి.

అందుకని అమ్మా, నీకు పుణ్యం ఉంటుంది. "ఏదో వేళాకోళానికి అన్నాను, అమ్మమనే నా ఉద్దేశం" అని ఒక్క ముక్క రాసి పంపించు. రేపే మాట్ బాబాయి చేతికిచ్చెయ్. తర్వాత నన్ను ఎన్ని తిట్లు తిట్టినా పడతాను.

తల బద్దలైపోతున్న
నీ అనా


కౌలాలంపూర్,
బుధవారం

అమ్మా,

నీ జవాబు అందింది. నా ఉత్తరం వెనకే పెన్సిల్‌తో రెండు ముక్కలు రాశావు. "డబ్బు ముట్టుకోలేదు. నా నూనె ఎక్కడ?" ఎంత ముచ్చటగా ఉందో! నేను అంత రాస్తే నువ్వు రాసి పంపింది ఇదీ. చదవగానే ఒళ్లు మండింది. ఆ కాగితం పట్టుకుని ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను.

నీ మూలంగా ఇక్కడ నా బుర్ర ఎలా తింటున్నారో నీకేం తెలుసు. నిన్నంతా ఫైరూజ్ నా గదిలోనే. "అక్కా, మీ అమ్మగారే కదా, మీ మాట వినరా?" అన్నాడు. మా అమ్మ ఎవరి మాటా వినదు నాయనా అన్నాను. "మరి చూసుకోండి," అన్నాడు మెల్లగా. "రేపు షరియత్ కమిటీలో ఆ పండితుల, ఉస్తాజ్‌ల ముందు ఇది వస్తే ఏమనుకుంటారు? షరియత్ విభాగం పెద్దావిడ తల్లి, అదే బ్యాంకులో, అదే ప్రశ్నకి, ఎవరూ చెప్పని జవాబు చెప్పింది. తల్లీ కూతుళ్లు కూడబలుక్కుని సుకూక్ ఆపడానికి నాటకమాడారని అనరూ?" అంటూ టీ తాగుతూనే ఉన్నాడు. బెదిరించడం కూడా ఎంత మర్యాదగా బెదిరిస్తాడో. వెళ్తూ వెళ్తూ ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. నీ తరఫున వాళ్లే రాసేశారు. "నేను సరదాగా అన్న మాటలు" అని చక్కటి భాషలో. కింద సంతకానికి చోటు వదిలారు.

సరుకు ఇప్పించే దళారీ కంపెనీకి ఫోను చేశాను. "ఒకవేళ ఎవరైనా నూనె కావాలంటే ఎలా ఇస్తారు?" అన్నాను. "ఎవరూ అడగరు కదండీ," అన్నాడు. అడిగితే? "ఎందుకడుగుతారండీ?" అడిగారయ్యా! "ఎవరండీ?" అంటాడు. ఫోను పెట్టేశాను. నూనె ఉందో లేదో కూడా అడగలేదు. అడగాలంటే భయం వేసింది. ఉంటే ఇవ్వాలి. లేకపోతే? లేకపోతే ఏమవుతుందో ఆలోచించడానికి నాకు ధైర్యం లేదమ్మా. మూడు నెలలకోసారి "కొన్నవారు కోరితే సరుకు తీసుకోవచ్చు, ఆ స్వేచ్ఛ ఉంది" అన్న వాక్యం కింద సంతకం పెట్టేది నేనే.

అసలు నువ్వు ఇదంతా ఎందుకు చేశావో నాకు తెలుసు. ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నాను, ఇవాళ రాసేస్తాను. పోయిన పండక్కి పెదనాన్న వచ్చారు గుర్తుందా? మదరసాలో నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి, ఇంటినిండా చుట్టాలు. పళ్లెం ముందు కూర్చుని ఆయన ఏమన్నారు? "మా తమ్ముడి కూతురు పట్నంలో పెద్ద ఉద్యోగం చేస్తోంది. వడ్డీకి తలగుడ్డ కట్టి, ముస్తాబు చేసి, పెళ్లికూతురని పంపిస్తుంది," అన్నారు. నేను వివరంగా చెప్పబోయాను. అమ్మకం నిజం పెదనాన్నా, సరుకు నిజం, కావాలంటే ఇంటికి తెప్పించుకోవచ్చు అన్నాను. "ఆ నూనెతో ఒక్క అప్పడం వేయించి చూపించు," అన్నారు. అందరూ నవ్వారు. ఆయన అన్నందుకు నేను బాధపడలేదు. ఆయన తీరే అంత. కానీ నువ్వు నవ్వావు. పులుసు గిన్నె చేతిలో పట్టుకుని, నా వంక చూసి మరీ నవ్వావు.

నేను ఈ పనిలో చేరినప్పుడు మా విభాగం అంటే ఒక మూల రెండు బల్లలు. ఇప్పుడొక అంతస్తు. అరబ్బు దేశాల వాళ్లు, జపాన్ వాళ్లు కూడా వచ్చి మా రూల్సు చూసి రాసుకెళ్తున్నారు. అంత చేసి ఇంటికొస్తే, మా అమ్మ దృష్టిలో నేను వడ్డీకి తలగుడ్డ కట్టే మనిషిని. అందుకే కదా మా బ్యాంకుకే వచ్చావు? అందుకే కదా నాకు చెప్పలేదు? నలుగురిలో నా మొహం మాడ్చాలనే కదా?

మాడిపోయింది. ఇక చాలు. ఫైరూజ్ రాయించిన కాగితం ఇందులో పెడుతున్నాను. సంతకం చెయ్యి. శుక్రవారం మధ్యాహ్నం ఉస్తాజ్‌ల కమిటీ కూర్చుంటుంది, ఆలోపు నా చేతికి రావాలి. నన్ను ఇంకా కూతురని అనుకుంటుంటే సంతకం చెయ్యి.

అనా


బచోక్,
గురువారం

ఒసేయ్ అనా,

సంతకం చేశాను. ముందే చెబుతున్నాను, లేకపోతే ఉత్తరం చివరిదాకా చదవకుండా గంగవెర్రులెత్తుతావు. కాగితం ఇందులోనే ఉంది. వేలిముద్ర కూడా వేశాను, సంతకం చాలదంటారేమోనని.

నువ్వు తిట్టుకుంటూ రాసినా రెండు ఉత్తరాలు రాశావు. హాస్టల్లో ఉన్నప్పటి తర్వాత నీ చేతిరాత మళ్లీ ఇప్పుడే చూశాను. అక్షరాలు అప్పట్లాగే ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. సరిగ్గా అన్నం తింటున్నావా?

ఇప్పుడు నా మాట విను. నేను వేళాకోళం ఆడలేదు. మార్కెట్లో ముప్పై ఏళ్లుగా సరుకు అమ్ముకుని బతుకుతున్నదాన్ని, సరుకు విషయంలో వేళాకోళం ఎందుకాడతానే? ఆ పిల్ల నూనె కొన్నాం, నీదే అంది. నూనె ధర ఎలా మండిపోతోందో నీకు తెలుసా? అప్పడాలు వేయించే మాకు రోజూ కావాల్సిందే అది. ఎవరో దళారీకి హోల్‌సేల్‌గా ఇచ్చే బదులు డబ్బాల లెక్కన నేనే అమ్ముకుంటే షెడ్డు లేవగా ఇంకా మిగులుతుందనుకున్నాను. నాబ్‌కి ఇరవై డబ్బాలు, అరటికాయ బజ్జీలు వేసే ఆవిడకి పది, అలా అందరికీ మాట కూడా ఇచ్చేశాను. ఇప్పుడు రోజూ వచ్చి "నూనె ఏదే సెలామా" అని నా ప్రాణం తీస్తున్నారు. అది నా తిప్పలు, నేను పడతాలే.

నీ బ్యాంకుకే ఎందుకు వెళ్లానన్నావు. మీ పెదనాన్న అన్న మాటకి నేను నవ్వానన్నావు. నవ్వక ఏం చెయ్యనే? పండగపూట ఇంటికొచ్చిన పెద్దమనిషి నెత్తిన పులుసు గిన్నె గుమ్మరించనా? మొహాన నవ్వు పెట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. చేతిలో గరిటె విసిరికొడితే పిండి గిన్నె పగిలింది, మీ పిన్నిని అడుగు. నా కూతుర్ని నా ఇంట్లో, నేను వండిన అన్నం తింటూ, నలుగురిలో అన్నేసి మాటలు అంటాడా? అప్పుడే అనుకున్నాను. ఆ బ్యాంకుకే వెళ్తాను, ఆ నూనే తెప్పిస్తాను, ఆయన మదరసా నుంచి ఇంటికెళ్లే దారిలోనే డబ్బాలు దింపిస్తాను, కళ్లారా చూసి నోరు మూసుకుంటాడు అని. ముందే నీకు చెబితే, కూతురు చక్రం తిప్పి తెప్పించిందంటాడు. అందుకే చెప్పలేదు. వచ్చింది నేనని కూతురికి తెలియకుండా, అందరిలాగే వెళ్లి అడిగితేనే కదా విలువ.

నువ్వే కదే చెప్పావు, అమ్మకం నిజం, సరుకు నిజం, కావాలంటే ఇంటికి తెప్పించుకోవచ్చని? ఆ రోజు అక్కడున్న వాళ్లంతా నవ్వారు. నేను నమ్మాను. నా కూతురు అబద్ధం చెప్పదు కదా అనుకుని ఫోనులో అంత ధైర్యంగా పంపించెయ్ అన్నాను. ఇంటి గుర్తులు కూడా చెప్పాను. ఇప్పుడు నువ్వే ఆ మాటని వేళాకోళమని రాయమంటున్నావు. రాశాను. నీ ఉద్యోగం కన్నా నాకు ఈ నూనె ఎక్కువా, షెడ్డు ఎక్కువా?

కానీ నాకు ఒక్కటే చెప్పవే. నూనె ఉందా, లేదా? లేకపోతే లేదని చెప్పు. నేను ఎవరితోనూ అనను. మీ పెదనాన్నతో అసలే అనను. దళారీని అడగడానికి భయమేసింది అని నువ్వు రాసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. నూనె పోతే పోయింది. నువ్వు ఏదో లేనిదాని మీద నిలబడి ఉన్నావేమోనని నా భయం.

ఎండుచేపలు మాట్ చేతికిచ్చాను. ఆఫీసులో విప్పకు, వాసన.

అమ్మ


కౌలాలంపూర్,
ఆదివారం

అమ్మా,

నీ ఉత్తరం శుక్రవారం పొద్దున బస్టాండులో చేతికందింది. కారులోనే చదివాను. చదివి స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. వెనక బండివాడు హారన్ కొట్టీ కొట్టీ, దిగి వచ్చి, అద్దంలోంచి నన్ను చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఎండుచేపల వాసనకి భయపడ్డాడో ఏమో.

ఆఫీసుకి వెళ్లలేదు. తిన్నగా నూనె నిల్వ చేసే రేవుకి పోయాను. దళారీ కంపెనీవాడికి దారిలోనే ఫోను చేసి, నూనె చూపించు అన్నాను. "కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయి మేడమ్, పంపిస్తాను," అన్నాడు. కాగితం కాదయ్యా, నూనె! "ముందుగా అనుమతి తీసుకోవాలి..." నేను గేటు దగ్గరే ఉన్నాను, వచ్చి అనుమతి ఇయ్యి అన్నాను. గంటసేపు ఆ ఎండలో నిలబెట్టాడు. అప్పుడొచ్చి, తలకి టోపీ పెట్టి, కాళ్లకి నాకు సరిపోని బూట్లు తొడిగి, ఒక పెద్ద ట్యాంకు మీదికి ఇనప మెట్లెక్కించారు. నాకు ఎత్తంటే ఎంత భయమో నీకు తెలుసు. పైన ఒకతను మూత తీసి, తాడు కట్టిన గొట్టం లోపలికి వదిలి పైకి లాగాడు. ఎర్రగా, చిక్కగా ఉంది. గడ్డకట్టకుండా వేడి చేస్తూ ఉంచుతారట. వద్దంటున్నా వినకుండా వేలు పెట్టాను.

ఉందమ్మా. నూనె ఉంది. గోరువెచ్చగా ఉంది. ఇప్పటికీ నా వేలికి ఆ వాసన వదల్లేదు.

మధ్యాహ్నం కమిటీ ముందు ఫైరూజ్ నా వంక చూసి చెయ్యి చాపాడు, నీ సంతకం కోసం. ఇచ్చాను. అతను చదివి వినిపించాడు కూడా, "నేను సరదాగా అన్న మాటలు" అని. అప్పుడు నేను లేచి, ఆవిడ మా అమ్మ, ఈ కాగితం మేం రాసింది, సంతకం నేను పెట్టించింది, ఆవిడ సరదాకి అనలేదు అని చెప్పేశాను. ఫైరూజ్ "అక్కా!" అన్నాడు. అక్కా లేదు, చెల్లీ లేదు, కూర్చో అన్నాను. అందరి ముందు అన్నాను.

కమిటీకి పెద్ద ఉస్తాజ్ బదరుద్దీన్ గారు. మీటింగుల్లో సగం సేపు కళ్లు మూసుకునే ఉంటారు, నిద్రో ఆలోచనో ఎవరికీ తెలీదు. ఆయన కళ్లు తెరిచి, "ఆ ఫోను మళ్లీ వేయండి," అన్నారు. వేశారు. నీ గొంతు, నీలం తలుపు, పిల్లిపిల్లలు, అన్నీ. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన ముందు అడిగింది ఒక్కటే. "ఆవిడ వద్దంది కదా. మరి ఎవరు అమ్మారు?" ఫైరూజ్ తన ఫైలు తిరగేయసాగాడు. "నూనె ఉందా?" అని నన్నడిగారు. ఉంది, పొద్దున ముట్టుకుని వచ్చానన్నాను. "ఉన్నప్పుడు ఇవ్వడానికి ఏం నొప్పి?" అని మళ్లీ కళ్లు మూసుకున్నారు. నువ్వున్నట్టయితే ఆయనకి నాలుగు అప్పడాలు పెట్టేదానివి.

నీ పేరు మీద జరిగిన అమ్మకం చెల్లదన్నారు. నీ ఖాతాలో వేసిన డబ్బు బ్యాంకు వెనక్కి తీసుకుని, పది టన్నులూ నీకు ఇవ్వాలి. ఆ సాయంత్రమే కేంద్ర బ్యాంకుకి రాసి పంపాం. రాసింది నేనే, సంతకం నాదే. సుకూక్ ఆగింది. పాత ఫోనులన్నీ మళ్లీ వినాలన్నారు. శనివారం సెలవైనా ఇంతన్‌నీ ఇంకో ఇద్దర్నీ కూర్చోబెట్టుకుని వినడం మొదలుపెట్టాను. అమ్మా, నువ్వొక్కదానివే కాదు. కెదాలో ఒకాయన "రేపు చెయ్యండమ్మా, మా ఆవిడని అడిగి చెబుతా" అన్నాడు. "సరే" నొక్కేశారు. ఇంకొకాయన "అంటే నూనె నిజంగా ఉంటుందా?" అని అడిగాడు. ఆ పిల్ల నవ్వేసి నొక్కేసింది. జవాబు కూడా చెప్పలేదు. నాకు సిగ్గేసింది. ఇంతన్ నాకన్నా ఎక్కువ ఏడ్చింది. దాని తప్పేముంది, బటన్ పెట్టనిది మేము.

మధ్యాహ్నానికి పైనుంచి కబురొచ్చింది. సొంత తల్లి వ్యవహారంలో తలదూర్చి, అబద్ధపు కాగితం మీద సంతకం పెట్టించినందుకు, విచారణ తేలేదాకా నన్ను సెలవు మీద వెళ్లమన్నారు. ఎన్నాళ్లో చెప్పలేదు. కాదనలేను. పెట్టించింది నేనే కదా. ఫైరూజ్‌ని కూడా పంపించారు, అదొక్కటే ఊరట. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. నువ్వు దాని గురించి బెంగపెట్టుకోకు. నిలబడి ఉన్నది లేనిదాని మీద కాదు. నా అంతట నేనే వెళ్లి చూసొచ్చాను.

ఇప్పుడు అసలు సంగతి. నీ నూనెతో నాకు ఇంకా చావు ఉంది. అది ముడి నూనె అమ్మా. ఎర్రటి ముడి నూనె. శుద్ధి చెయ్యకుండా వంటకి పనికిరాదు, అప్పడాలు వేయిస్తే జనం ఆసుపత్రిలో పడతారు. డబ్బాల్లో రాదు, ట్యాంకర్‌లో వస్తుంది. నాబ్ పిన్నికీ బజ్జీల ఆవిడకీ ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం, నన్ను మధ్యలోకి లాగకు. లారీ కిరాయి కూడా నీదే, రూలు అదే, రాసిన రూల్సు మార్చలేను. కోట బారు అవతల సబ్బులు చేసే ఒకాయన కొంటానన్నాడు. ధర కూడా చెప్పాడు. బ్యాంకు అమ్మినదానికన్నా మెరుగే, కిరాయి పోను నీకు మిగులుతుంది. నేను ఒప్పుకోలేదు. సరుకు మా అమ్మది, ఆవిడతోనే మాట్లాడుకోండి అన్నాను. ఇప్పుడాయన నీ కోసం మార్కెట్‌కి వస్తాడు. బేరం నువ్వే ఆడుకో. దయచేసి ఫోను తెరువు.

ట్యాంకర్ మంగళవారం పొద్దున బయల్దేరుతుంది. కొండదారి కాబట్టి చీకటి పడేలోపు చేరుస్తానన్నాడు డ్రైవరు. ముందు మన సందు చివర ఆపి, అందరూ చూశాక సబ్బుల వాడి దగ్గరికి పోవాలని చెప్పాను. "ఎందుకు మేడమ్ అంత చుట్టు?" అన్నాడు. మా అమ్మ చూడాలయ్యా అన్నాను. "సరుకు వెంట బ్యాంకు నుంచి ఎవరైనా వస్తారా, నేనొక్కడినేనా?" అని అడిగాడు. అతని పక్క సీటు ఖాళీయేనట.

ఎక్కి కూర్చుంటున్నాను. నీ నూనె నేనే తెస్తున్నానమ్మా.

నీ కూతురు,
అనా